మూడో డబ్బాలోని తల్లి ఎలుక

2007లో ప్రమీల ఖమ్మంలోని ఒక కాలేజీలో ఎం.ఫార్మసీ చదువుతోంది. పుట్టిన వారంలోపు ఎలుక పిల్లలకు ఒత్తిడి హార్మోను చుక్కలు పట్టి, పెద్దయ్యాక అవి ఎలా మసలుతాయో చూడటం ఆమె ప్రాజెక్టు. రెండు నెలలకు ఒక్కోదాన్నీ వెడల్పాటి చెక్కపెట్టెలో వదిలేది. హార్మోను పడని ఎలుకలు కాసేపటికి పెట్టె మధ్యలోకి వచ్చి వాసన చూసేవి. పడినవి గోడవారనే నక్కేవి. ఒకే ఈతలో పుట్టిన ఏడు మాత్రం, హార్మోను పడినా, జంకులేకుండా మధ్యకు వచ్చేశాయి.

"మోతాదులో ఎక్కడో తప్పు చేసి ఉంటవు" అన్నారు గైడు రాందాస్ సార్.

నోటుబుక్కు మూడుసార్లు తిరగేసినా తప్పు దొరకలేదు.

రెండో విడత పిల్లలు పుట్టిన వారంలోనే టేకులపల్లి దగ్గరి తండా నుంచి ఆమె యాడీ అని పిలిచే తల్లి సోమ్లి మోకాళ్ల నొప్పికి దవాఖానాకు వచ్చింది. పనయ్యాక కూతురితో ఎలుకల గదికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ప్రమీల పిల్లలను ఒక్కొక్కటిగా తీసి, చుక్కలు పట్టి, మళ్లీ తల్లుల డబ్బాల్లో పెడుతోంది.

"ఏం మందు పోస్తున్నవ్ బిడ్డా?"

"భయపడ్డప్పుడు ఒంట్ల ఊరేదే, యాడీ. చిన్నగున్నప్పుడు అది ఎక్కువైతే మెదడు ఎట్ల పెరుగుతదో చూస్తున్న."

సోమ్లి డబ్బాలను ఒక్కొక్కటిగా చూసింది.

"గా మూడో డబ్బాల తల్లిని చూడు. నువ్వు పిల్లల్ని పెట్టంగనే నాకుతనే ఉంది. పక్కది పాలిచ్చి పక్కకు పోయింది."

"తల్లులన్నీ నాకుతయి కదా."

"అన్నీ ఒక్కతీరు నాకుతయా? తల్లి నాకకపోతే మేకపిల్ల జల్దీ లేవదు. మనమే గోనెపట్టాతోటి రుద్దాలె. తల్లుల సంగతి రాసినవా?"

రాయలేదు. పిల్లల బరువులూ మోతాదులే రాసింది.

ఆ రోజే కొత్త పేజీ గీసి, ఎనిమిది తల్లులు ఎన్నిసార్లు నాకుతున్నాయో వారమంతా రెండు పూటలా లెక్కపెట్టింది. రెండు నెలల తర్వాత హార్మోను పడిన మూడో డబ్బా పిల్లలను పెట్టెలో వదిలింది. మొదట అవీ గోడవారనే నిలబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటీ మధ్యకు వచ్చాయి. తక్కువగా నాకిన తల్లుల పిల్లలు గోడ వదల్లేదు.

"ఎనిమిది తల్లులతోటి తేలదమ్మా, కానీ రాయి. ఇది రాయాల్సిందే" అన్నారు రాందాస్ సార్.

ప్రమీల వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. సోమ్లి అంతా విని అడిగింది. "మరి గా నాకని తల్లికి చిన్నప్పుడు ఏమైందో?"

ప్రమీల తల్లులను అమ్మినవాళ్లను అడిగింది. వాళ్ల దగ్గర ఆ వివరాల్లేవు. అందుకే తక్కువ నాకుడు దొరికిన ఆడ ఎలుకలను నాలుగింటిని విడిగా ఉంచింది, అవి తల్లులయ్యాక తమ పిల్లలను ఎలా నాకుతాయో చూద్దామని.