మణెమ్మ తెల్లవేళ్లు

కర్నూలు రాజధాని అయిన మరుసటేటి మార్గశిరంలో ఆళ్లగడ్డలో ఎంత చలి పెట్టిందంటే, కొట్టంలో సగం చెక్కిన వినాయకుడు తొండాన్ని పొట్ట కిందికి ముడుచుకున్నాడంటారు. నమ్మితే నమ్మండి. మణెమ్మ వేళ్లను మాత్రం నమ్మాల్సిందే. మొగుడు చెన్నకేశవులు ఉలితో చెక్కిన విగ్రహాన్ని చన్నీళ్లు పోస్తా, నునుపురాయితో రుద్దేది ఆమె. అమ్మవారి బుగ్గ మెరిసిందంటే జనం పొగిడేది ఆయన చేతిని. ఆ పొద్దున చెంబు వంచేసరికి నాలుగు వేళ్లు సున్నంలో ముంచినట్టు తెల్లబడి, ఉన్నాయో లేవో తెలీకుండా పోయినాయి.

అత్త లింగమ్మ చూడనే చూసింది. "ఏందిమే ఆ చెయ్యి? పెద్దరోగమా?"

ఆ పూట నుంచే వేరే కంచం, పశువుల కొట్టంలో చాప. "పుట్టింటికి తోలేయప్పా, ఇంకొకతెను చూస్తా" అని కొడుకుతో అన్నది, ఈమెకు వినపడేట్టే. రుద్దే పని మాత్రం మాన్పించలేదు. "రాయికి అంటుకోదులే."

కూడు ముట్టగూడని చెయ్యి దేవుణ్ణి ముట్టొచ్చునా అనుకుంది మణెమ్మ. నిజంగా ఆ కుష్టురోగమే అయితే యాడికి పోవాల? పుట్టింట్లో వదిన మటుకు పక్కన కూచోబెట్టుకుంటాదా? వేళ్లను చంకల్లో దాచుకునేది. నెత్తురు తిరిగొచ్చేటప్పుడు నిప్పులు పోసినట్టుండేది. అరిస్తే రోగం ఒప్పుకున్నట్టవుతుందని పళ్లు బిగబట్టేది.

చివరికి చెన్నకేశవులు ఆమెను బస్సులో నంద్యాలకు తీసకపోయినాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ దెబోరా ఆమె చేతిని చన్నీళ్లలో పెట్టించింది. తెల్లబడింది. వేణ్ణీళ్లలో పెట్టించింది. నీలమై, మెల్లగా ఎర్రబడింది. అప్పుడు సూదితో గుచ్చితే, "అబ్బా!" అన్నది మణెమ్మ.

"పెద్దరోగం కాదమ్మా. చలికి వేళ్లలో నెత్తుటి నరాలు బిగుసుకుంటాండాయి. చన్నీళ్లు ముట్టగాకు. పట్టించుకోకుంటే పుండ్లు పడతాయి."

తిరుగు బస్సులో చెన్నకేశవులు మొహం వెలిగిపోతాంది. "బతికించినావ్! అయితే రేపట్నుంచి వంట గూడా నువ్వే చెయ్యొచ్చు."

"చన్నీళ్లు ముట్టొద్దన్నారు గదా."

"డాక్టర్లు అట్లనే అంటారు. ఆ మాట ఇంట్లో చెప్పగాకు. సిరివెళ్ల గుడోళ్లకు అమ్మవారి విగ్రహం బిరీన ఇయ్యాల."

మణెమ్మ వేళ్లను చూసుకుంటా కూచుంది.

తెల్లారి లింగమ్మ బకెట్టు ముందుకు తోసింది. "రోగం లేదంట గదా. కానీయ్, రుద్దు."

మణెమ్మ బకెట్టు వంటింట్లోకి మోసకపోయి, నీళ్లు పెద్దకుండలో పోసి పొయ్యి ముట్టించింది.

"ఏందిమే, రాయికి వేణ్ణీళ్లా? నల్లమల అడవి మీ నాయన రాసిచ్చినాడా, అన్ని కట్టెలు పెడతాండావ్?"

కొట్టంలోంచి చెన్నకేశవులు కేకేసినాడు, నీళ్లేవని. మణెమ్మ లేవలేదు. ఇంకో కట్టె లోపలికి తోసింది.

"రాయికి కాదత్తా, నాకు."