చంద్రపురం గాలి, ఏక్‌బాల్‌పూర్ నీళ్లు

ఏక్‌బాల్‌పూర్‌లో కలకత్తా రేవు పక్కన మన తెలుగువాళ్లుండే సందు మొదట్లో ఒక కుళాయి ఉంది. తెల్లవారకముందే దాని ముందు డబ్బాలు వరస కడతాయి. మనుషులు తరవాత వస్తారు. ఒక్కో డబ్బా మీదా ఎర్రరంగుతో ఒక పేరు రాసి ఉంటుంది. పోలిరాజు, ఎలీయాజరు, గోవిందరాజు, గవరయ్య. కొత్తగా చూసినవాళ్లు, ఈ సందులో నీళ్లు మోసేది మగవాళ్లేనని ముచ్చటపడతారు. పడనివ్వండి. ఆ పేర్లుగల పెద్దమనుషుల్లో ఒక్కరూ ఏనాడూ డబ్బా ఎత్తిన పాపాన పోలేదు.

వరసకి ఒక పద్ధతుంది. శ్రీకాకుళం నుంచి ఎవరు ముందొచ్చి రేవులో పనికి చేరితే వాళ్ల డబ్బా ముందు. పేరుగల మనిషి చనిపోతే ఆ డబ్బా వరస చివరికి పోతుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అందుకే తీసేసే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

1970 జనవరిలో ఒక పొద్దున్న గవరయ్య డబ్బా వంతు వచ్చేసరికి కుళాయి గుర్రుమని, దగ్గి, ఆగిపోయింది. గవరయ్య పోయిన వానల్లో జ్వరంతో చనిపోయాడు. అంతకుముందు అతని డబ్బా పోలిరాజు డబ్బా పక్కనే ఉండేది. ఇప్పుడు దాని వెనక నిలబడ్డది అతని భార్య అప్పలకొండమ్మ. డబ్బాలో నీళ్లు అడుగు తడిపేటంతే ఉన్నాయి.

"మా దాంట్లో సగం ఒంపుకో వదినా," అంది ఎలీయాజరు భార్య దెబోరా.

"ఎన్నాళ్లొంపుతావే? నిన్న నువ్వు, మొన్న అమ్మన్నమ్మ. నాను అడుక్కున్నట్టు ఉన్నాది."

"ఈవేళ కూడా పనికి ఆలీసమేనా?"

"ఆలీసమా! నిన్న గోదాము సర్దార్ దాదా సెప్పీసినాడు. 'ఆర్ ఆష్తె హొబె నా' అన్నాడు. ఇంకోపాలి గేటు మూసీసాక వస్తే మరి రానక్కర్లేదంట." అప్పలకొండమ్మ ఖాళీ డబ్బా నడుముకి ఎత్తుకుంది. "తేయాకు ఏరీ సేతులివి. ఇయి పోతే ఏటి సేసుకుని బతకాలో తెల్దు."

ఇదంతా వింటూ పక్కన నిలబడ్డ అమ్మాయి దెబోరా కూతురు జెరూషా. మహిళా పాలిటెక్నిక్‌లో ఆఖరి ఏడు చదువుతోంది. గీతలు గీసే పొడుగాటి టీ-స్క్వేర్ చంకన పెట్టుకుని ట్రామెక్కే ఆడపిల్ల ఆ సందు మొత్తానికి ఆమె ఒక్కతే. ట్రాములో ఆ కర్ర తగిలినవాళ్లు తిడతారు, సందులోవాళ్లు మాత్రం "ఇంజనీర్ దీదీ" అని దారిస్తారు. ఆ పొద్దున్న ఆమె బుర్రలో అప్పలకొండమ్మ లేదు. చందమామ ఉంది.

ఎందుకంటే తెలుగు సంఘం అధ్యక్షుడు ప్రేమానందం మాస్టారు ఒక పని పెట్టారు. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కిందటి జూలైలో మనుషులు చంద్రుడి మీద నడిచినప్పటినుంచీ ఆయనకి నిద్రలేదు. "రేపో మాపో అక్కడ బస్తీ వేస్తారు. అందులో మన తెలుగువాళ్లూ ఉంటారు. ఆ ఊరికి రాజ్యాంగం రాసి తెండి. రిపబ్లిక్ డే నాడు సభలో ఒక్కో చట్టం చదివి, చేతులెత్తి ఒప్పుకుందాం," అన్నారు. కుర్రాళ్లంతా నవ్వుకుంటూ తప్పించుకున్నారు. జెరూషా ఒప్పుకుంది.

ఎలీయాజరు రేవులో క్రేను డ్రైవరు. తెలుగు సంఘానికి కార్యదర్శి కూడా. "మా గుంట జెరూషా సెందమామకి చట్టం రాస్తంది," అని ఓడ ఓడకీ చెప్పుకున్నాడు. అర్థమైనా కాకపోయినా బెంగాలీ ఖలాసీలు "భాలో, భాలో" అని మెచ్చుకున్నారు.

జెరూషా ముందు ఊరు గీసింది, చట్టం తరవాత. ఎలాగూ చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి గాజు గోపురం, దాని కింద గాలిమిషను, మిషను నుంచి ఇళ్లకి పొడుగాటి గొట్టం. ఊరిపేరు చంద్రపురం. చట్టం కూడా చకచకా రాసేసింది. ఇంటికొక ఓటు. గాలి వాటా ఇంటి యజమాని పేరున. ముందొచ్చిన కుటుంబం మిషనుకి దగ్గర. యజమాని చనిపోతే ఆ ఇల్లు గొట్టం చివరికి.

ఎవరూ చెప్పలేదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న వరస పెన్సిల్లోంచి తనంతట తనే దిగిపోయింది.

తరవాత లెక్క మొదలుపెట్టింది. గొట్టం పొడుగయ్యేకొద్దీ, ముందరి ఇళ్లు తీసుకునేకొద్దీ ఒత్తిడి పడిపోతుంది. ఆఖరి ఇంటికి ఎంత మిగులుతుందని చూసింది. ఏమీ మిగల్లేదు. మళ్లీ లెక్కవేసింది. మళ్లీ అదే. ఆ ఇంట్లో ఎవరుంటారు? భర్త చనిపోయిన మనిషి ఉంటుంది. ఏక్‌బాల్‌పూర్‌లోనైతే పక్కింటి వదిన సగం డబ్బా ఒంపుతుంది. చంద్రుడి మీద సగం ఊపిరి ఎవరు ఒంపుతారు?

జెరూషా పెన్సిలు కింద పెట్టేసింది. తను గీసిన ఊళ్లో అప్పలకొండమ్మ చచ్చిపోయింది. గోదాము సర్దారు కాదు, జ్వరం కాదు, తను చంపేసింది. అదీ కుదురైన అక్షరాలతో.

కాగితం చింపేసి ఇంకోటి తీసింది. ఈసారి పొడుగాటి గొట్టం గియ్యలేదు. గుండ్రంగా, మొదలూ చివరా లేకుండా కలిసిపోయే గొట్టం గీసింది. అందులో మొదలు ఈవేళ ఒకరింటి దగ్గర పెట్టి, రేపు ఇంకొకరింటి దగ్గర పెట్టొచ్చు. ఇంజనీర్లకి ఇది కొత్తేమీ కాదు, ఊళ్లకే కొత్త.

జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక సంఘం హాలు నిండిపోయింది. ముందు కుర్చీల్లో మగవాళ్లు, వెనక చాపల మీద ఆడవాళ్లు. మొదటి కుర్చీలో పోలిరాజు. కుళాయి దగ్గర మొదటి డబ్బా ఆయనదే. రేవులో కూలీల మేస్త్రీ. ఇంట్లో నాలుగు డబ్బాలు, నాలుగింటి మీదా ఆయన పేరే.

జెరూషా మొదటి చట్టం చదివింది. "చంద్రపురంలో ఊపిరి పీల్చే ప్రతి మనిషికీ ఓటుంటుంది. గాలి ఎవరి పేరున వాళ్లకి ఇస్తారు."

"పసిగుడ్లక్కూడానా?" ఎవరో అరిచారు.

"వాళ్లు మీకన్నా గట్టిగా పీలుస్తారు కదా మావా."

హాలు నవ్వింది. ప్రేమానందం మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "చట్టం ప్రకారం ఊపిరున్న ప్రతివాళ్లూ చెయ్యెత్తాలి. చాపల మీదవాళ్లు కూడా," అన్నారు. సంఘంలో ఆడవాళ్ల చేతులు లేవడం అదే మొదలు. దెబోరా ముందు సగమే ఎత్తి, అటూ ఇటూ చూసి, పూర్తిగా ఎత్తింది.

"రెండో చట్టం. అందరికీ ఒక విడత గాలి అందాకే ఎవరికైనా రెండో విడత. మూడోది. ఇంట్లో ఎవరు చనిపోయినా ఆ ఇంటి చోటు పోదు. చోట్లు రోజూ తిరుగుతుంటాయి. ఈవేళ ముందున్నవాళ్లు రేపు చివర ఉంటారు."

అందరికన్నా ముందు పోలిరాజు చెయ్యెత్తాడు. "సెందమామ మీద నాకేటి పోయింది! ఇచ్చీండి, అందరికీ ఇచ్చీండి!" ఎత్తని చెయ్యి లేదు. ఎలీయాజరు రెండు చేతులూ ఎత్తేశాడు, ఎవరి కూతురో అందరికీ తెలియాలని.

అప్పుడు జెరూషా బల్ల కిందనుంచి ఒక డబ్బా తీసి బల్లమీద పెట్టింది. ఎర్రరంగుతో "గవరయ్య" అని ఉంది.

"చంద్రపురంలో ఇది ఏ వరసలో ఉండాలో ఇప్పుడే ఒప్పుకున్నారు. రేపు పొద్దున్న మన కుళాయి దగ్గర ఎక్కడుండాలి?"

చాపల మీద అప్పలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పోలిరాజు లేచాడు. "అది సెందమామ. ఇది కలకత్తా. మోసం సేసినావే గుంటా."

"ఏం మోసం మావా? గాలి దొరక్క మనిషి చస్తే తప్పని మీకే అనిపించింది. నీళ్లు దొరక్క కొండమ్మత్త పని పోతే ఏమీ అనిపించదా?"

"ఎలీయాజరూ, నీ కూతుర్ని కూకోమను!"

అందరూ ఎలీయాజరు వైపు చూశారు. ఆయన డబ్బా వరసలో రెండోది. గవరయ్య డబ్బా చివరికి పోయినప్పుడు ఒక్క చోటు ముందుకి జరిగింది. ఆ సంగతి హాలుకి తెలుసు, ఆయనకీ తెలుసు. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"నాను కిరేను డ్రైవర్ని. ఎత్తిన బరువు గాల్లో వొగ్గీసి ఇంటికెల్లిపోయిన రోజు నేదు. ఇందాక రెండు సేతులూ ఎత్తీసినాను. దింపితే సరైన జాగాలోనే దింపుతాను." కూతురి వైపు తిరిగాడు. "రేపట్నుంచి గవరయ్య డబ్బా ముందుంటది. మాది ఆఖర్న."

"మనదీ ఆఖర్నే!" వెనకనుంచి వినిపించింది. పోలిరాజు భార్య అమ్మన్నమ్మ.

"ఒలే, నువ్వు నోర్ముయ్యి!"

"ఎందుకు మూసుకోవాల? పేరు నీది, మోసీ నడుము నాది. ఆ సివరకెల్లి నిలబడీది నానే గదా. నీకేటి నొప్పి?"

హాలు పగలబడి నవ్వింది. పోలిరాజు మీసం దువ్వుకుని, ఎవరివైపూ చూడకుండా, "సరే, ఒక విడత ఒక డబ్బాయే," అని కూలబడ్డాడు. ఆయనకి అంతకుమించి దిగిరావడం చేతకాదు. ఆ సందుకి అది చాలు.

మర్నాటి పొద్దున్న వరసలో ఎర్రరంగు ఇంకా పచ్చిగానే ఉంది. పాతపేర్లు గీకేసి జెరూషా కొత్తపేర్లు రాసింది. అప్పలకొండమ్మ, దెబోరా, అమ్మన్నమ్మ. ఎవరు మోస్తారో వాళ్ల పేరు. అప్పలకొండమ్మ డబ్బా మొట్టమొదట నిండింది. ఆమె గేటు మూయకముందే వెళ్లాలని పరుగున బయల్దేరి, మళ్లీ వెనక్కొచ్చి, తన పేరు చేత్తో తడమబోయి, రంగు అంటుతుందని ఆగింది. గాల్లోనే ఆ అక్షరాల మీదుగా వేలు నడిపించింది.

దెబోరా డబ్బా ఆఖరిది. దాంట్లోకి కూడా నిండేదాకా ధార పడింది, ఎందుకంటే ముందున్నవాళ్లెవరూ రెండో డబ్బా పెట్టలేదు. అది మోయడానికి ఎలీయాజరు వంగాడు. ఓడల మీద టన్నులెత్తే మనిషి ఇంట్లో డబ్బా ఎత్తడం ఆ సందు మొదటిసారి చూసింది. సగం నీళ్లు చొక్కా మీదే ఒలకబోసుకున్నాడు.

"క్రేను కావాలా నాన్నా?" అంది జెరూషా.

"నువ్వు సెందమామకి పో," అన్నాడు ఆయన, గర్వం దాచుకోవడం చేతకాక.

చెంబుతో వచ్చిన ప్రేమానందం మాస్టారు ఇదంతా చూస్తూ నిలబడ్డారు. సభలో ఇవ్వాల్సిన ఉపన్యాసం ఆయన అక్కడే, కుళాయి పక్కనే ఇచ్చేశారు.

"ఇన్నాళ్లూ పిల్లలకి రాజ్యాంగం అంటే ఢిల్లీలో ఉండే పెద్ద పుస్తకమని చెప్పాను. సగమే చెప్పాను. చంద్రుడి మీదైనా, మన సందులోనైనా ఊరు కట్టేముందు ఒక్కటి చూసుకోండి. వరస చివర నిలబడ్డ మనిషి డబ్బా నిండితేనే ఆ ఊరికి రాజ్యాంగం ఉన్నట్టు."