పగిలిందా, పగలగొట్టారా

హెడ్‌మాస్టర్ గది కిటికీ అద్దం పగిలిన రోజు నుంచి ఏడో తరగతి పిల్ల ఒకతి వరండాలో నిలబడే చదువుకుంటోంది. చదువుకుంటోంది అనడం కూడా ఎక్కువే. క్లాసు తలుపు పక్కన, గోడకి ఆనుకోకుండా నిలబడి, లోపల చెప్పే పాఠం చెవులు రిక్కించి వినాలి. అందరూ ఆ పిల్లను పిడుగు అంటారు. అద్దం పగిలిన చప్పుడు వినిపించిన కాసేపటికి హెడ్‌మాస్టర్ తన గది వెనకున్న ఆటస్థలంలోకి వచ్చి చూస్తే, దగ్గరలో బంతి పట్టుకుని ఉన్నది పిడుగే. ఆయన ఇంకెవర్నీ ఏమీ అడగలేదు.

"నేను కాదు సార్" అంది పిడుగు.

"బంతి నీ చేతిలో పెట్టుకుని అబద్ధం కూడానా!" అన్నాడాయన.

మర్నాడు తండ్రిని పిలిపించారు. బస్సు డిపోలో మెకానిక్ అతను. పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు, చేతులకి గ్రీజు పూర్తిగా వదల్లేదు. హెడ్‌మాస్టర్ అతన్ని గదిలోకి రమ్మనలేదు. ఇంటర్వెల్‌లో పిల్లలూ టీచర్లూ చూస్తుండగా వరండాలోనే నిలబెట్టి, "కనగానే సరా? పెంచడం తెలియొద్దూ?" అని కడిగిపారేశాడు. అతను చేతులు వెనక్కి దాచుకుని, "తప్పయిపోయింది సార్, క్షమించండి" అన్నాడు. పిడుగు ఏడవలేదు. తండ్రి ముఖంలోకే చూస్తూ నిలబడింది.

స్టాఫ్‌రూమ్ గుమ్మంలోంచి అదంతా చూసిన సోషల్ టీచర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంటికి వెళ్ళినా చల్లారలేదు. గిన్నెలు సింకులో దబదబా పడేస్తుంటే, డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన అక్క వంటింట్లోకి తొంగి చూసింది. అక్క హాస్పిటల్‌లో నర్సు.

"వాటినేం చేస్తావే, పాపం! అవేం చేశాయి నిన్ను?"

చెల్లెలు జరిగింది చెప్పింది. "ఒక్కరంటే ఒక్కరు అడగలేదక్కా, ఎలా పగిలిందీ అని. బంతి కనపడింది, పిల్ల కనపడింది, అయిపోయింది!"

"మా దగ్గరికి దెబ్బ తగిలి వస్తే ముందు దెబ్బని చూస్తాం. ఎవడు కొట్టాడన్నది తర్వాత" అంది అక్క, చెప్పులు విప్పుతూ. "మీరు ఆ అద్దాన్ని చూశారా అసలు?"

ఎవరూ చూడలేదు.

మర్నాడు ఏడో తరగతిలో సోషల్ టీచర్ చెప్పాల్సిన పాఠం 'చరిత్రకు ఆధారాలు'. శాసనాలు, నాణేలు, తవ్వకాలు. పుస్తకం తెరిచి, మళ్ళీ మూసేసింది.

"మనం పుట్టకముందు జరిగింది మనకెలా తెలుస్తుంది?"

"ఎవరో ఒకరు చెప్తారు టీచర్."

"చెప్పినవాళ్ళు అబద్ధం చెప్తే?"

"మిగిలిపోయిన వస్తువులు చూడాలి టీచర్" అని వరండాలోంచి వినిపించింది. పిడుగు గొంతు.

"లోపలికి రా" అంది టీచర్. "నిలబడింది చాలు. పదండి అందరూ. ఏదీ ముట్టుకోకండి. కళ్ళకి కనపడిందే చెప్పాలి, అనుకున్నది కాదు."

హెడ్‌మాస్టర్ ఆ రోజు మీటింగ్‌కి వెళ్ళాడు. ఆయన గది కిటికీకి లోపలివైపు అట్టముక్క అంటించి ఉంది. బయటివైపు ఇనప చువ్వలు. కింద పూలమొక్కలు. పిల్లలు వంగి చూశారు. గాజుపెంకులు మొక్కల మొదళ్ళలో పరుచుకుని ఉన్నాయి.

"గాజంతా బయటే ఉంది టీచర్!"

"బంతి చువ్వల్లోంచి ఎలా దూరింది టీచర్?"

కళ్ళున్న ఎవరైనా చూడగలిగిన సంగతి అది. దాన్ని చూడకుండా ఒక తండ్రిని అందరి ముందూ నిలబెట్టి నానా మాటలూ అన్నారు.

ఆ పాఠం అక్కడితో ఆగలేదు. పిల్లలే దాన్ని మోసుకుపోయారు. తర్వాతి పీరియడ్‌లో లెక్కల టీచర్‌ని వేధించి, చువ్వల మధ్య సందు కొలిచారు. బంతి చుట్టూ దారం చుట్టి, ఆ చుట్టుకొలత నుంచి వ్యాసం కట్టారు. సందుకి రెట్టింపు పైనే తేలింది. మధ్యాహ్నం సైన్స్ మాస్టారు పాత ఫోటో ఫ్రేము గాజుని ఒక పెద్ద అట్టపెట్టె మధ్యలో నిలబెట్టి, పిల్లల్ని గోడ దాకా వెనక్కి జరిపి, ఒక పక్క నుంచి రాయి విసిరాడు. రాయి వచ్చిన వైపు కాసిని పెంకులు పడ్డాయి, ఎక్కువ భాగం అవతలికి ఎగిరింది. "ఇంకోసారి సార్!" అని అరిచారు. ఎప్పుడూ నిద్రపోయే ఆఖరి బెంచీ కూడా లేచి నిలబడింది.

తెలుగు మాస్టారు మాత్రం బోర్డు మీద రెండే వాక్యాలు రాశాడు. 'అద్దం పగిలింది.' 'అద్దం పగలగొట్టారు.'

"మొదటిదాంట్లో కర్త ఎవరు?"

"అద్దమే సార్."

"రెండోదాంట్లో?"

"రాయలేదు సార్. కానీ ఎవరో ఒకరు ఉండాలి."

"ఉండాలి. ఆ ఎవరో ఒకరి పేరు తెలియకుండా మీ ఇష్టం వచ్చిన పేరు అక్కడ పెట్టకూడదు. వ్యాకరణం కూడా ఒప్పుకోదు" అన్నాడాయన. క్లాసు చప్పట్లు కొట్టింది. పిడుగు నవ్వింది.

సాయంత్రం మొక్కలకి నీళ్ళు పెట్టే వేళ, మట్టిలో కూరుకుపోయిన గాజు పేపర్‌వెయిట్ ఒకటి పిల్లలకి దొరికింది. లోపల ఎర్ర పువ్వు. హెడ్‌మాస్టర్ బల్ల మీద అందరూ చూసిందే. సోషల్ టీచర్ దాన్ని తీసుకుని తిన్నగా అటెండర్ దగ్గరికి వెళ్ళింది. అతను దాన్ని చూడగానే స్టూలు మీద కూలబడ్డాడు.

"టీ చల్లారిపోయిందని విసిరారమ్మా. నా మీదకే. నేను వంగాను" అన్నాడు. "ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నా. ఆ పాప మీదకి వస్తుందనుకోలేదు."

మర్నాడు పొద్దున్నే గదికి రమ్మని సోషల్ టీచర్‌కి కబురొచ్చింది. హెడ్‌మాస్టర్ ఆమెను చూడగానే అంతెత్తున లేచాడు.

"ఇది స్కూలా, పోలీస్ స్టేషనా? నా కిటికీ దగ్గర మీకేం పని?"

"పాఠం సార్."

"క్లాసుని బయటికి తీసుకెళ్ళమని ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారు. పాఠం ఆసక్తిగా ఉండాలి, పిల్లల్ని గదిలో బంధించొద్దు, చుట్టూ ఉన్నవాటితో నేర్పండి అని మొన్న టీచర్లందరికీ గంటసేపు చెప్పలేదూ?" ఆమె పేపర్‌వెయిట్ బల్ల మీద పెట్టింది. "ఇది మీదే సార్."

ఆయన దానివైపు చూసి, కూర్చున్నాడు. గొంతు దిగింది. "సరే మేడమ్, ఏదో చిరాకులో జరిగిపోయింది. ఆ పిల్లని క్లాసులో కూర్చోమన్నానని చెప్పండి. ఇంతటితో వదిలేద్దాం."

"పిల్ల నిన్నటి నుంచే కూర్చుంటోంది. వాళ్ళ నాన్న సంగతి చెప్పండి."

"ఆయనకేమైంది?"

ఆ మాటతో ఆమె కోపం కట్టలు తెంచుకుంది. "ఏమైందా? చెయ్యని తప్పుకి వరండాలో ఆయన చేత క్షమాపణ చెప్పించారు సార్! ఆయన్ని పిలవండి. మీరు పిలవకపోతే నేను పిలుస్తాను. ఏడో తరగతి మొత్తం జరిగింది చెప్తుంది, కొలతలతో సహా!"

మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. ఈసారి హెడ్‌మాస్టర్ ఎదురెళ్ళి గదిలోకి తీసుకెళ్ళి, కుర్చీ చూపించి, తలుపు వేయబోయాడు. పిడుగూ సోషల్ టీచరూ గుమ్మం దగ్గరే ఉన్నారు. మెకానిక్ కూర్చోలేదు.

"మొన్న నన్ను బయట నిలబెట్టి అడిగారు కద సార్. ఇవాళ తలుపెందుకు?"

"అది కాదు, నలుగురిలో..."

"ఆ నలుగురే ఉన్నారు, రండి" అని మెకానిక్ వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. చేతులు వెనక్కి పెట్టుకోలేదు. క్లాసుల కిటికీల నిండా తలలు. స్టాఫ్‌రూమ్ గుమ్మంలో టీచర్లు.

హెడ్‌మాస్టర్ తన బూట్ల వైపు చూస్తూ ఏదో గొణిగాడు. 'పొరపాటు' అన్న మాట ఒక్కటి వినపడింది. తిరిగి వెళ్ళబోయాడు.

"టీచర్, సార్ ఏమన్నారు?" అని అడిగింది పిడుగు. వెటకారం కాదు. నిజంగానే వినపడలేదు.

సోషల్ టీచర్ ఆయన దారికి అడ్డంగా నిలబడింది. "సార్, అమ్మాయికి వినపడలేదట. మొన్న మీ గొంతు గేటు దాకా వినపడింది."

ఆయన ముఖం జేవురించింది. ఆమె పక్కకి జరగలేదు. ఆయన తలెత్తి, "అద్దం నేనే పగలగొట్టాను. మీ అమ్మాయి కాదు. మిమ్మల్ని అలా అనకూడదు, క్షమించండి" అన్నాడు, అందరికీ వినపడేలా. మెకానిక్ కూతురి భుజం తట్టి, డిపోకి వెళ్ళిపోయాడు.

సోమవారానికి టైమ్‌టేబుల్ మారింది. సోషల్ టీచర్‌కి ఏడో తరగతి తీసేసి ఒకటో తరగతి ఇచ్చారు. కారణం అడిగితే, పరిపాలన సౌలభ్యం అన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో మళ్ళీ గిన్నెలు మోగాయి.

"ఇంకా కోపమేనా? క్షమాపణ చెప్పాడుగా" అంది అక్క.

"రెండుసార్లు అడిగితేగానీ చెప్పలేదక్కా. అదీ మనిషి ఎదురుగా నిలబడితే!"

"రేపు ఆ చిన్నపిల్లలకి ఏం చెప్తావ్ మరి?"

"'నేను కాదు' అని గట్టిగా అనడం నేర్పిస్తా. ఆ తర్వాత అఆలు" అంది చెల్లెలు, కుళాయి కట్టేస్తూ.