అల్లుడు ఓడిన పంజా

నకిరేకల్ పెద్దరోడ్డు మీద ఎరువుల దుకాణం పైన రేకుల షెడ్డు ఒకటి ఉంది. దాన్ని జిమ్ము అంటారు. పొద్దంతా ఒళ్లు వంచని పోరగాళ్లు సాయంత్రం పూట పైసలు కట్టి మరీ అక్కడ బరువులు మోస్తారు. మా అక్క కొడుకు విజేందర్ కూడా అక్కడికే పోతాడు. వాడు ఒళ్లు వంచనివాడు కాదు. కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు మోసి, మళ్లీ వచ్చి ఇనుప బిళ్లలు మోస్తాడు. ఆ సుఖమేమిటో నాకు ఏనాడూ అర్థం కాలేదు. నేను గౌండ్లవాణ్ణి, తాటిచెట్టు ఎక్కేది కల్లు కోసం. కల్లు లేని చెట్టును నేనెప్పుడూ ఎక్కలేదు.

ఆ ఆదివారం అక్కడ చేతి బలం పోటీ పెట్టారు. దోస్తానా పోటీయే, పగలు పంతాలు లేవు. కమ్మి పట్టుకుని వేలాడాలి, ఆ తర్వాత పంజా పట్టి ఎదుటివాడి చేయి వంచాలి. బయటివాళ్లు కూడా రావచ్చన్నారు.

"మామా, నువ్వు రావాలె. గౌండ్లోళ్ల చెయ్యి ఎట్లుంటదో గీ పోరలకు జూపియ్యాలె," అన్నాడు విజేందర్.

వస్తానన్నాను. వాడు అనుకున్నది ఒకటి, నేను అనుకున్నది ఇంకొకటి. నేను ఓడిపోవడానికి పోయాను.

ఏడాదిగా నా కుడిచేతి వేళ్లు మొద్దుబారుతున్నాయి. మొదట చిటికెన వేలు, తర్వాత దాని పక్కది, ఇప్పుడు అరచేయి కూడా. కత్తులు పెట్టుకోవడానికి నడుముకు కట్టుకునే ముస్తాదు ముడి నేను వేసుకోలేను. పొద్దున్నే నా భార్య గోపమ్మ వేస్తుంది. చెట్టెక్కేటప్పుడు నడుమునూ చెట్టునూ కలిపి చుట్టిన మోకును రెండు చేతులతో విదిలించి పైకి జరపాలి. ఆ విదిలింపులో పట్టు తప్పితే ఇక కిందికే. మా బావ, విజేందర్ తండ్రి, అట్లాగే పోయాడు. నల్లగొండ దవాఖానలో చూపించుకుంటే, మెడ దగ్గర నరం నలిగింది, చెట్టెక్కొద్దు అన్నారు. ఎక్కకపోతే ఏం తినాలో మాత్రం గోలీల చీటీ మీద రాయలేదు.

మా కల్లుగీత సంఘం పెద్ద గురవయ్యకు చెప్పాను. చీటీలు తీసి ఎవరికి ఏ చెట్లో పంచేది ఆయన చేతుల మీదే. మండువలో కూర్చుని తాగేవాళ్లకు కల్లు పోసే ముసలాయన ఆ పని మానేస్తున్నాడు. ఆ జాగా నాకిమ్మని అడిగాను. గురవయ్య నా చేయి పట్టుకుని తిప్పి చూశాడు. మోచేతి కింద కండ తాటిమొద్దులా ఉంది. ఆ దిక్కుమాలిన కండ ఇంకా కరగలేదు.

"గీ చేతికా రోగం? నీడపట్టున కూసోవాలని అందరికుంటదిర," అని నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు.

తెగిన చేయిని చూపించవచ్చు. చచ్చుబడిన చేయిని ఎట్లా చూపిస్తాం? అందుకే పోటీకి గురవయ్యే ముఖ్య అతిథి అని తెలిసినప్పుడు నాకు ఆశ పుట్టింది. పదిమంది ముందు చిత్తుగా ఓడిపోతే ఇక ఆయన నవ్వలేడు. నేను నోరు తెరిచి అడుక్కోవాల్సిన పని లేకుండా ఆయన కళ్లే ఆయనకు చెబుతాయి.

మేం పోయేసరికి జిమ్ములో ఒకడు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఇనుపకడ్డీ ఎత్తుతున్నాడు. ఇంకొకడు వాడి తల దగ్గర వంగి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఆ నిలవడ్డోడు ఏం జేస్తడురా?" అని అడిగాను.

"బరువు జారితె పట్టుకుంటడు మామా. ఎత్తేటోనికాడ ఒకడు ఉండాలె. రూలు."

"మంచిగున్నది. మాకు గసొంటి రూలు లేదు."

విజేందర్ నవ్వాడు. నేను నవ్వు కోసం అనలేదు.

గురవయ్య తెల్లబట్టలు, మెడలో పూలదండతో కుర్చీలో కూర్చున్నాడు. జిమ్ము నడిపే రాజేశ్ పేర్లు పిలుస్తున్నాడు. పోరలు ఒకరి తర్వాత ఒకరు కమ్మి పట్టుకుని ముఖాలు ఎర్రగా చేసుకుంటూ వేలాడారు. ఒకడు వేలాడుతూనే సెల్ఫీలో పడడానికి నవ్వాడు కూడా. రాజేశ్ 'లింగస్వామి' అని నా పేరు పిలిచాడు. ఎడమచేయి నిలబడింది. కుడిచేయి ఎప్పుడు విడిచిందో నాకు తెలియనే లేదు. చాప మీద కూలబడ్డాను. అందరికంటే ముందు పడింది నేనే.

లోపల సంబరపడ్డాను. ముఖం దిగాలుగా పెట్టి గురవయ్య వైపు చూశాను. ఆయన మైకు అందుకున్నాడు.

"గౌండ్లాయనను మోకు లేకుంట యాలాడుమంటిరి. నాగలియ్యకుంట దున్నుమన్నట్టున్నది!"

అందరూ చప్పట్లు కొట్టారు. రాజేశ్ వచ్చి నా భుజం తట్టాడు.

"కరెక్టే కాకా, గిది మీ లైను గాదు. పంజా పట్టుండ్రి. గాడ దెలుస్తది."

"మామ అల్లుళ్లను దింపుండ్రి! జర మేం గూడ సూస్తం," అన్నాడు గురవయ్య.

నాకు ఇంకా నయమే అనిపించింది. అప్పటిదాకా విజేందర్ పంజాలో ఒక్కరి చేతిలో కూడా ఓడలేదు. వాడి చేతిలో నా చేయి పుల్లలా విరిగి పడితే, ఇక సాకులు చెప్పడానికి ఎవరికీ ఏమీ దొరకదు.

డ్రమ్ము మీద పలక వేశారు. ఎదురెదురుగా మోచేతులు ఆనించాం. వాడు నా చేయి అందుకున్నాడు.

"గట్టిగ పట్టు మామా," అన్నాడు మెల్లగా.

"పట్టిన."

"ఇంక గట్టిగ."

"గింతే."

వాడి ముఖం మారిపోయింది. తడిగుడ్డను పట్టుకున్నట్టు నా చేయిని ఒకసారి నొక్కి చూశాడు. అప్పుడే వాడికి చెప్పి ఉండాల్సింది. కానీ రాజేశ్ 'షురూ' అన్నాడు, పోరలు ఈలలు వేశారు. నేను చేయి సడలించాను. అది నా వైపు పడాలి. పడలేదు.

విజేందర్ పళ్లు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి, నుదుటి మీద చెమట పట్టింది. ఒళ్లంతా ఊగించాడు. చూసేవాళ్లకు ఇద్దరు పహిల్వాన్లు కొట్లాడుతున్నట్టే ఉంది. నేను మాత్రం వేలైనా కదపలేదు. వాడే నా చేయిని పట్టుకుని తన చేతిని తన వైపు వంచుకుంటున్నాడు.

"వద్దురా. దించు నన్ను," అన్నాను వాడికే వినబడేలా.

"నువ్వు ఫికర్ జెయ్యకు మామా," అన్నాడు పళ్ల సందుల్లోంచి.

వాడి చేయి పలకకు తగిలింది. షెడ్డు రేకులు ఎగిరిపోయేట్టు అరిచారు. నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. నాకు దిగడం చేతకాలేదు. మెడలో మెడల్ వేసి గురవయ్య మళ్లీ మైకు పట్టుకున్నాడు.

"సూసిండ్రా? గీయన నా దగ్గరికొచ్చి చెయ్యి వడ్డదన్నడు! గుట్ట కింది పొడుగు తాటిచెట్లను ఎవ్వలు ఎక్కుతలేరు. ఈసారి చీటీ లేదు గీటీ లేదు. గవి లింగస్వామికే!"

నేను ఆయన చేతిలోంచి మైకు గుంజుకున్నాను.

"అన్నా, నాతోని గాదు. నిజంగనే గాదు. నా చేతిల పానం లేదు..."

మైకు నా వేళ్లలోంచి జారిపోయింది. కింద పడి కీచుమంది. అందరూ విరగబడి నవ్వారు.

"సంబురంల చేతులు ఆడుతలెవ్వు పాపం," అన్నాడు గురవయ్య.

తిరిగి వచ్చేటప్పుడు విజేందర్ బండి నడుపుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. ఊరి మలుపు దగ్గర అడిగాడు.

"ఎన్నొద్దులాయె మామా గిట్ల?"

"ఏడాదాయె."

"నాకు జెప్పొద్దా?"

"చెప్పెటోళ్లకు చెప్పిన. నమ్మలె. ఓడితె నమ్ముతరని వచ్చిన."

బండి ఆగింది. వాడు వెనక్కి తిరగకుండానే అన్నాడు. "నీ ఇజ్జత్ పోతదనుకున్న మామా."

"గది పోలె బిడ్డా. గదొక్కటే మిగిలింది."

వాడు అక్కడికక్కడే బండి తిప్పాడు. గురవయ్య అప్పుడే ఇంటికి చేరి, దండ తీసి మంచం కోడుకు తగిలిస్తున్నాడు. విజేందర్ నిలబడే చెప్పాడు.

"గురవయ్య మామా, నేనే కావాలని ఓడిన. ఆయన చేతిల బలం లేదు. నాకు దెలిసింది."

"మామ కోసం మంచి అబద్ధమే ఆడుతున్నవురా. మీ బాపు గూడ గిట్లనే, చెయ్యి గుంజుతాంది, ఇయ్యాల ఎక్కలేనని..."

అక్కడ ఆగిపోయాడు. లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. విజేందర్ ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. ఆయన దండలోంచి ఒక రెక్క తెంపి నలిపాడు.

"వచ్చే పంచుడుల సూద్దాం తియ్యి," అన్నాడు. "ఇప్పుడు నలుగుర్ల మైకుల చెప్పిన. మాట తప్పితె నన్నేమంటరు?"

ఏమంటారో నాకు తెలియదు. ఆయన్ను ఎవరైనా ఏమన్నా అనడం నేను ఇంతవరకు చూడలేదు.

మర్నాడు పొద్దున మోకు తగిలించే మేకుకు మెడల్ వేలాడుతోంది. గోపమ్మ పెట్టింది. మోకు తీస్తుంటే మెడల్ కింద పడింది. చప్పుడు చెవికి తెలిసింది గానీ, చేతికి తగిలింది తెలియలేదు. ఆమె దాన్ని తీసి కొంగుతో తుడిచి, నా నడుముకు ముస్తాదు ముడి వేసింది. రోజూ వేసేదానికంటే గట్టిగా వేసింది.

గుట్ట కిందికి పోయేసరికి విజేందర్ బండి అక్కడ ఉంది.

"డ్యూటీకి పోవారా?"

"పోత. నువ్వు దిగినంక."

మోకు చుట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను. సగం చెట్టు దాకా పోయి ఊపిరి తీసుకుంటూ కిందికి చూశాను. వాడు తల పైకెత్తి, కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు. జిమ్ములో బల్ల దగ్గర నిలబడ్డవాడిలాగే. నేను చెట్టు చుట్టూ ఎటు ఒదిగితే అటు జరుగుతున్నాడు. ఇంత ఎత్తు నుంచి పడితే నేను పడేది వాడి మీదే.

"పక్కకు జరుగురా!" అని అరిచాను.

"నువ్వెక్కు మామా, నేనున్న," అన్నాడు.

మళ్లీ అరిచాను. జరగలేదు. పైన ఇంకా సగం చెట్టు ఉంది. కుడిచేతి వేళ్లను పళ్లతో కొరికి చూసుకున్నాను. ఏమీ తెలియలేదు. మోకును పైకి విదిలించాను.