కనుకయ్య ఒక్కపొద్దు

కనుకయ్య రెండు సాంచెల నడుమ ఇరుక్కుపోయిన రోజు భివండి గైబీ నగర్‌కి పండగే అయింది. పన్నెండు సాంచెల, అంటే మరమగ్గాల, కార్ఖానాకు సేటు, నూట ఇరవై రెండు కిలోల మనిషి. పడుగులో పోగు తెగితే చూస్తూ ఊరుకోలేక ఆ ఇరుకు సందులో దూరాడు. దూరడమైతే దూరాడు గానీ, బయటికి రావడం ఆయన చేతుల్లో లేకపోయింది. సాంచెలు ఆపి నలుగురు పనివాళ్ళు పట్టి లాగారు.

"కొబ్బరినూనె తెమ్మందునా బావా?" అన్నాడు కొమురయ్య.

ఇద్దరూ వరసకు బావాబామ్మర్దులు. పదహారేళ్ళప్పుడు ఒకే బస్సులో భివండికి వచ్చి, ఒకే సాంచె మీద వంతులేసుకుని నేసినవాళ్ళు. కొమురయ్య ఇప్పటికీ ఆ సాంచె మీదే ఉన్నాడు. కనుకయ్య మాత్రం ఇరుక్కున్న రోజు నుంచి లోపల అడుగు పెట్టలేదు. గుమ్మం బయట కుర్చీ వేసుకుని, లోపలి చప్పుడు వింటూ కూర్చునేవాడు. తన సాంచె దగ్గరికి తానే పోలేకపోయినందుకు సిగ్గు, సిగ్గును మించిన దిగులు.

షుగరుకు మందులిచ్చే డాక్టరమ్మ దగ్గర ఆ దిగులు కక్కేశాడు. మరాఠీ ఆవిడ. పరీక్షలన్నీ చేయించి, షుగరు గోలీలు తగ్గించి, ఎనిమిది వారాలు తిండి బంద్ అంది. రోజుకు నాలుగు పొట్లాల పొడి నీళ్ళలో కలుపుకుని తాగాలి, వారం వారం వచ్చి కాంటా ఎక్కాలి.

"అంటే ఉపవాసమే కదా?" అన్నాడు కనుకయ్య.

"అలాగే అనుకోండి," అంది ఆవిడ పాపం.

ఇంకేం, ముప్పై ఏళ్ళుగా శనివారం ఒక్కపొద్దు తప్పని ఇల్లు అది. కనుకయ్య భార్య రాజమణికి ఒకరు నియమాలు నేర్పాలా? అన్నం ముట్టకూడదు, ముట్టనివ్వలేదు. పొడి నీళ్ళు వేళ తప్పకుండా తాగించింది. వాటితోపాటు పలారం. పొద్దున నేతిలో వేయించిన సాబుదాణా కిచిడీ, మధ్యాహ్నం ఆలుగడ్డలు, పల్లీ లడ్డూలు, సాయంత్రం డజను అరటిపళ్ళు.

వారానికి కాంటా నూట ఇరవై మూడు చూపించింది.

"ఒక్క మెతుకు ముట్టలే," అన్నాడు కనుకయ్య గుండె మీద చెయ్యి వేసుకుని. అబద్ధమేమీ కాదు.

రాజమణి తాను చేసి పెట్టిన పలారాల పేర్లన్నీ గర్వంగా చెప్పింది. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. మా అమ్మ కూడా ఉపవాసాలు చేసే లావెక్కిందని చెప్పి, ఈసారి ప్రతి పదార్థం పేరు రాసి కొట్టేసి ఇచ్చింది.

"దేవుడు ఒప్పుకుంటుండె," అంది రాజమణి ఆటోలో. "కాంట ఒప్పుకుంటలేదు, ఏంజేద్దాం."

అప్పుడు మొదలయింది అసలు ఒక్కపొద్దు. మొదటి నాలుగు రోజులు కనుకయ్యకు తలనొప్పి, ఆపైన లోకం మీద కోపం. దానికి తోడు కొమురయ్య.

"ఇయ్యాల నీళ్ళకు తాలింపు ఏంతోని పెట్టింది మా చెల్లె?"

"నువ్వు గమ్మున నీ పని చూస్కో."

నాలుగో వారంలో కనుకయ్య ఒకటి కనిపెట్టాడు. ఏళ్ళ తరబడి తన పక్కనే కూర్చుని అన్నం డబ్బా విప్పే కొమురయ్య ఇప్పుడు కనబడడం లేదు. వెతికితే, కార్ఖానా వెనక నూలు బస్తాల చాటున నిలబడి గబగబా మింగుతున్నాడు, వాసన ఇటు రాకూడదని. కనుకయ్య చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాడు.

ఎనిమిది వారాలకు కాంటా నూట ఆరు దగ్గర ఆగింది. మర్నాడు మధ్యాహ్నం కొమురయ్య సాంచె మీద పోగు తెగింది. కనుకయ్య కుర్చీలోంచి లేచాడు. పనివాళ్ళంతా చూస్తుండగా పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి సందులోకి జరిగాడు. పొట్ట కొంచెం రాసుకుంది, అంతే. తెగిన కొసలు వెతికి ముడి వేశాడు. వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. సాంచె నడిచింది.

"ఇగ బయటికి రా బావా. మళ్ళ గుంజుడు మాతోని కాదు."

"జరసేపు ఉండనియ్యి," అన్నాడు కనుకయ్య. కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదని అటు తిరిగాడు.

కొమురయ్య చూశాడు. బస్తాల వెనక నుంచి డబ్బా తెచ్చుకుని, గుమ్మం బయట సేటు కుర్చీలో దర్జాగా కూర్చుని మూత తీశాడు. చింతకాయ తొక్కు వాసన కార్ఖానా అంతా నిండింది. కనుకయ్య నేస్తూనే ఉన్నాడు.