ఎడమ భుజం రెండు వేళ్ళు తక్కువ

నేను ఒక కత్తెరను. దర్జీ కత్తెరను. జానెడున్నర పొడుగు, చేతికి బరువు, నాలుకకి పదును. ప్రస్తుతం నా మకాం ఒక కోర్టు సామాన్ల గదిలో, ఇనప బీరువా రెండో అరలో. నా పిడికి అట్టముక్క కట్టి దాని మీద ‘ఆయుధం’ అని రాశారు. నలభై ఏళ్ళు పెళ్ళిబట్టలూ చావుబట్టలూ కత్తిరించినదాన్ని పట్టుకుని ఇంత మాటన్నారేమిటని మొదట్లో కష్టం వేసింది. తర్వాత ఆలోచిస్తే అందులో అబద్ధమేమీ లేదనిపించింది.

మాది దక్షిణ అమెరికాలో, ఆండీస్ కొండల మీద ఉన్న ఒక దేశం. పేరు చెప్పను. చెబితే మా మంత్రులకు కోపం, చెప్పకపోతే మీకు పోయేదేమీ లేదు. అంత దూరపుదానివి, నీకు తెలుగెలా వచ్చిందని అడక్కండి. కడుపుమంట ఉన్నవాళ్ళకు ఏ భాషైనా వస్తుంది.

సాన్ లెర్మో అనే గనుల ఊళ్ళో పుట్టాను. రాయి తొలిచే ఉక్కు గునపం ఒకటి విరిగితే, కమ్మరి దాన్ని కాల్చి, సాగగొట్టి, సానపట్టి నన్ను చేశాడు. దోన్ హసింతో అనే దర్జీ నన్ను కొన్నాడు. దోన్ అంటే మీ ‘గారు’ లాంటిదే, కాకపోతే మావాళ్ళు పేరుకు ముందు తగిలిస్తారు. ఆయనకు ఒక కన్ను సరిగ్గా కనబడదు గాని, చేతివేళ్ళకు మాత్రం నాలుగు కళ్ళు. ఊళ్ళో ప్రతి మనిషికీ తన కొలతల పుస్తకంలో ఒక పేజీ కేటాయించి, పేరూ, తేదీ, కొలతలూ, ఒంట్లో ఉన్న వంకరలూ అన్నీ రాసిపెట్టేవాడు. మనిషి భార్య దగ్గర దాచినవి కూడా దర్జీ టేపు దగ్గర దాచలేడు.

నాకు తొమ్మిదేళ్ళు నిండినప్పుడు గనిలో సమ్మె జరిగింది. అణచడానికి సైన్యం దిగింది. వచ్చిన ఆఫీసర్లు ఒక్కరూ సొంతపేరు చెప్పలేదు. చేయబోయే పని ఎలాంటిదో ముందే తెలుసు గనక తలా ఒక మృగం పేరు పెట్టుకున్నారు. వాళ్ళలో ఒకడు కెప్టెన్ లోబో. లోబో అంటే తోడేలు. యూనిఫాం కుట్టించుకోవడానికి మా కొట్టుకు వచ్చి, పనివాళ్ళందరినీ బయటికి పొమ్మని, తెర వేయించి, అప్పుడు చొక్కా విప్పాడు. దోన్ హసింతో టేపు వేసి చూస్తే ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్ళు కిందికి ఉంది. కుడిచెయ్యి వేలెడు పొడుగు. పుట్టుకతో వచ్చిన వంకరకు ఎవరు మాత్రం ఏం చేస్తారు? కానీ లోబోకి ఆ భుజమంటే చచ్చేంత సిగ్గు. ముసలాయన ఎడమవైపు దూది కూరి సరిచేశాడు. మొదటిసారి దూది పల్చబడిందని వాడు ఆ కోటును ఆయన మొహాన కొట్టాడు. రెండోసారి ఎవరికీ తెలియనంత బాగా కుదిరింది. ఆ గుడ్డ కత్తిరించింది నేనే, దాచను.

ఆ కోటు తొడుక్కుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మర్నాటి ఉదయం వాడు బడికి వెళ్ళాడు. సమ్మె చేసినవాళ్ళు అక్కడ కూర్చుని ఉన్నారు. పదకొండు మందిని లారీ ఎక్కించాడు. పదకొండోవాడు ఆ బడి పంతులు బెనిగ్నో, మా కొట్లో కుట్టుపని చేసే ఫిదెన్సియోకి సొంత అన్న. బెనిగ్నో భార్య కసిల్దా వంతెన దాకా లారీ వెంట పరిగెత్తింది. పదకొండు మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. శవాలూ రాలేదు. కొన్నేళ్ళకు ప్రభుత్వం మారి విచారణ సంఘం వేశారు. కెప్టెన్ లోబో అనేవాడు మా రిజిస్టర్లలో లేనేలేడని సైన్యం జవాబిచ్చింది. నిజమే పాపం, తోడేలు పేరున జీతం ఎవరిస్తారు?

దోన్ హసింతో పోతూ పోతూ నన్నూ, ఆ పుస్తకాన్నీ ఫిదెన్సియో చేతిలో పెట్టాడు. అతను వదినను వెంటబెట్టుకుని రాజధానికి వచ్చి, అధ్యక్ష భవనం వెనక సందులో కొట్టు తెరిచాడు. ఇతను కత్తిరించి కుట్టేవాడు, ఆమె కాజాలు తీసేది. మా దేశంలో మంత్రులు నల్లకోటు తొడుక్కునే ప్రమాణం చేయాలి. పేర్లు ప్రకటించిన నాలుగు రోజుల్లో కోటు సిద్ధం కావాలి. అంత తొందరగా కుట్టేది మేమొక్కళ్ళమే. ప్రభుత్వాలు పడిపోవడం వల్ల మా దేశంలో ఎవరైనా బాగుపడ్డారంటే అది మేమే.

కసిల్దా మాత్రం కోట్ల కోసం ఆ సందులో కూర్చోలేదు. కొత్త న్యాయశాఖ మంత్రి ఎవరొచ్చినా, కొలతలకో ట్రయల్‌కో కొట్టుకు రాకతప్పదు. వచ్చినవాడి చేతిలో ఆమె ఒక కాయితం పెట్టేది. నా భర్తను ఎక్కడ పూడ్చారో చెప్పించండి, ఎముకలిస్తే చాలు, ఇంకేమీ అడగను అని. అలా తొమ్మిదిమంది మంత్రులకు ఇచ్చింది. తొమ్మిదిమందీ ఎంతో మర్యాదగా మడిచి పాతకోటు జేబులో పెట్టుకున్నారు. కొత్తకోటుతో వెళ్ళిపోయారు.

పోయిన ఏడాది మళ్ళీ ప్రభుత్వం పడింది, మళ్ళీ కొత్త మంత్రుల పరిచయాలు పత్రికలో వచ్చాయి. కసిల్దా పైకి చదువుతుంటే ఫిదెన్సియో గుడ్డ మీద సుద్దగీతలు గీస్తున్నాడు. వ్యవసాయ మంత్రి రైతుబిడ్డట. పొద్దున కొలతలిచ్చినప్పుడు ఆయన అరచేతులు చూశాను, బంగాళదుంప పండించిన చేతులు కావవి, వేయించినవి తిన్న చేతులు. విద్యామంత్రి మూడు విశ్వవిద్యాలయాల్లో చదివాడట. మూడింటిలోంచీ తరిమేశారని ఆయనే నవ్వుతూ చెప్పాడు, పత్రికవాళ్ళు ఆ ముక్క వదిలేశారు. ఇక న్యాయశాఖ మంత్రి డాక్టర్ ఔరేలియో విల్యాగ్రా. మా దేశంలో లా చదివినవాణ్ణి కూడా డాక్టరనే అంటారు. పేద కుటుంబంలో పుట్టి స్వయంకృషితో పైకొచ్చిన మనిషి, యూరప్‌లో చదువు, మానవ హక్కుల మీద రెండు పుస్తకాలు, ఆ చీకటి సంవత్సరాల్లో దేశంలోనే లేరు అని రాశారు.

“ఈయనైనా మన కాయితం చదువుతాడేమో ఫిదెన్సియో. పుస్తకాలు రాసినాయనట,” అంది కసిల్దా.

మధ్యాహ్నం ఆ డాక్టర్ గారు వచ్చాడు. నెరిసిన జుట్టు, మెత్తని మాట. ఫిదెన్సియో మెడ కొలిచాడు, వీపు కొలిచాడు. భుజాల మీద టేపు వేసి ఆగిపోయాడు. మళ్ళీ వేశాడు. తర్వాత రెండు చేతులూ కొలిచాడు.

“అక్కడ కాస్త దూది పెట్టాలి మాస్టారూ, మీకు తెలియనిదేముంది,” అని నవ్వి వెళ్ళిపోయాడు విల్యాగ్రా.

ఫిదెన్సియో అటకమీంచి పాత పుస్తకం దించాడు. ముప్పై ఒక్కేళ్ళ నాటి పేజీ తీసి ఇవాళ్టి అంకెల పక్కన పెట్టాడు. నడుము తప్ప ఏదీ మారలేదు.

“వదినా, ఒకసారి ఇటు రా.”

ఆమె వచ్చి చూసింది. రెండుసార్లు చదివింది. ట్రయల్‌కి వచ్చినప్పుడు మంత్రికి ఇద్దామని రాసిపెట్టుకున్న కాయితాన్ని నెమ్మదిగా నాలుగు ముక్కలు చేసింది. ఫిదెన్సియో నన్ను పిడికిట్లోకి తీసుకున్నాడు.

“ఎల్లుండి ట్రయల్‌కి వస్తాడు. కాలరు సరిచేసేటప్పుడు వాడి మెడ నా చేతికిందే ఉంటుంది. ఒక్క పోటు చాలు వదినా.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ యూనిఫాం కత్తిరించిన నాటి నుంచీ నేను ఎదురుచూస్తున్న మాట అది.

“పొడిస్తే చస్తాడు. చచ్చినవాడు చోటు చెబుతాడా? నాకు మీ అన్న కావాలి,” అంది ఆమె.

“మరి పుస్తకం పట్టుకుని పోలీసుల దగ్గరికి పోదామా? దర్జీ రాసుకున్న అంకెలు చూసి మంత్రిని లోపలేస్తారా?”

“ఎవరూ వెయ్యరు. వాడంతట వాడే బయటపడాలి. మనుషుల్ని మాయం చేసినందుకు లేని సిగ్గు వాడికి ఆ భుజం మీద ఉంది. దూది పెట్టకు. ఒళ్ళు ఎలా ఉందో అలాగే కుట్టు. నలుగురి మధ్యా తొడుక్కోనీ.”

నేను చాలా నిరుత్సాహపడ్డానని ఒప్పుకోవాలి. అయినా ఆ రెండు రోజులూ ఎంతో శ్రద్ధగా పనిచేశాను. అంత నిజాయితీగా కుట్టిన కోటు మా కొట్టు చరిత్రలో ఇంకొకటి లేదు.

ట్రయల్ రోజున రేడియోవాళ్ళు కొట్టుకు వచ్చి కొత్త మంత్రులను పలకరించడం మా ఊళ్ళో ఆనవాయితీ. ఆ రోజు రొసాల్బా అనే విలేకరి మైకు పట్టుకుని కూర్చుంది, పక్కన టేపు రికార్డరు తిరుగుతోంది. వ్యవసాయ మంత్రి తన కోటుకు గుండీలు పెట్టుకుంటున్నాడు.

“సాన్ లెర్మోనా? ఆ ఊరు మ్యాపులో తప్ప చూడలేదమ్మా,” అంటున్నాడు విల్యాగ్రా మైకులో. “ఆ ఘోరం గురించి యూరప్‌లో పేపర్లో చదివి కన్నీళ్ళు పెట్టుకున్నాను.”

అప్పుడు ఫిదెన్సియో కోటు తొడిగాడు. నిలువుటద్దంలో విల్యాగ్రా ఎడమవైపుకు జారిపోయినట్టు కనిపించాడు.

“ఏమయ్యా ఔరేలియో, న్యాయం తక్కెడ ఒకవైపే మొగ్గిందే!” అని వ్యవసాయ మంత్రి పగలబడి నవ్వాడు. రొసాల్బా కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

విల్యాగ్రా మొహం కందగడ్డ అయింది. “దూది పెట్టమన్నానా లేదా?”

“పెట్టి చూశానండీ డాక్టర్ గారూ, కుదరలేదు,” అన్నాడు ఫిదెన్సియో తల వంచుకుని. “ఈ భుజాన్ని సరిచేసే దర్జీ ఈ దేశంలో పుట్టలేదండీ.”

“పుట్టలేదా? నోర్ముయ్యరా! సాన్ లెర్మోలో ఆ గుడ్డి హసింతో చేశాడు! రెండు వేళ్ళ దూదితో, ఎవడికీ తెలియకుండా...”

అక్కడ ఆగాడు. టేపు రికార్డరు తిరుగుతూనే ఉంది. అతని కుడిచెయ్యి దానంతటదే లేచి ఎడమ భుజాన్ని కప్పుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మీ వైపు అంటారటగా. నేను కళ్ళారా చూశాను.

“హసింతో ఆ ఊరు దాటి ఎరగడు,” అన్నాడు ఫిదెన్సియో. పుస్తకం తెరిచి చదివాడు. “కెప్టెన్ లోబో. సైనిక యూనిఫాం. ఎడమ భుజం రెండు వేళ్ళు తక్కువ, కుడిచెయ్యి వేలెడు ఎక్కువ.”

విల్యాగ్రా గుమ్మం వైపు తిరిగాడు. అంగరక్షకులు ఎదురు కొట్లో కాఫీ తాగుతున్నారు. వాళ్ళను కేకేసేలోపే కసిల్దా బల్లమీంచి నన్ను తీసుకుని వెనకనుంచి అతని కోటు అంచు పట్టుకుంది.

“ఆగు. కోటు పని ఇంకా అవలేదు,” అంది.

నన్ను అంచునుంచి పైకి నడిపించింది. నడుము దాటాను, వెన్ను పక్కనుంచి సాగాను, కాలరు దాకా వచ్చాను. కోటు రెండు చెక్కలై వేలాడింది. నా మొన అతని మెడకు ఆనింది. ఇంకొక్క అంగుళం ఇస్తే నా ముప్పై ఒక్కేళ్ళ ఆకలి తీరిపోయేది. ఆమె చెయ్యి వణికినా బాగుండేదనుకున్నాను. వణకలేదు.

“బెనిగ్నో. బడిపంతులు. ఎక్కడ పెట్టావు?”

“మూడో నంబరు గని దగ్గర. పాత సున్నం బట్టీ వెనక,” అన్నాడు.

ఒక్క క్షణమైనా ఆలోచించుకోలేదు. ఎక్కడ పూడ్చిందీ ఇన్నేళ్ళ తర్వాత కూడా వాడికి నిన్నటి సంగతిలా గుర్తుంది. ఆ ఒక్క మాట అడిగిన కాయితాన్ని తొమ్మిదిమంది మంత్రులు పాతకోటు జేబులో వదిలేశారు. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మర బిగుసుకుపోతుంది.

సాయంత్రానికల్లా దేశమంతా రేడియోలో ఆ మాటలు విన్నది. అనారోగ్యం వల్ల డాక్టర్ విల్యాగ్రా పదవి స్వీకరించడం లేదని అధ్యక్షుడు ప్రకటించాడు. బట్టీ వెనక తవ్వితే ఒకే ఒక్క మనిషి ఎముకలు దొరికాయి. డాక్టర్లు, అంటే నిజం డాక్టర్లు, పరీక్షించి బెనిగ్నోవే అని తేల్చారు. కసిల్దా వాటిని తెల్లగుడ్డలో చుట్టి సాన్ లెర్మోలో సమాధి చేసింది. ఆ గుడ్డ కత్తిరించే భాగ్యం నాకు లేకపోయింది, అప్పటికే నేను పోలీసుల చేతుల్లో ఉన్నాను.

కత్తెర మెడకు ఆనించి చెప్పించిన మాట సాక్ష్యంగా చెల్లదని విల్యాగ్రా లాయర్లు వాదించారు. చెల్లదన్నది కోర్టు. విల్యాగ్రా మీద పెట్టిన కేసు నత్తనడకన సాగుతోంది. గుండెజబ్బని రాయించుకుని ఆయన ఇంట్లో గులాబీలు పెంచుకుంటున్నాడట. ముప్పై ఒక్కేళ్ళు తీరిక లేని న్యాయానికి కసిల్దా మీద కేసు తేల్చడానికి మాత్రం నాలుగు నెలలు చాలాయి.

“చేసిన పనికి పశ్చాత్తాపపడుతున్నావా?” అని అడిగాడు జడ్జి.

“పడుతున్నానయ్యా,” అంది కసిల్దా. “అంత దగ్గర పట్టుకుని కూడా నా మొగుడొక్కడి గురించే అడిగాను. మిగతా పదిమంది సంగతి నోటికి రాలేదు. పెద్ద తప్పే చేశాను.”

పద్దెనిమిది నెలలు వేశారు. ఆమె కోర్టు మెట్లు దిగుతుంటే అక్కడ పదిమంది ముసలమ్మలు నిలబడి ఉన్నారట. సాన్ లెర్మో వాళ్ళు. ఒక్కొక్కరూ ఆమె చెయ్యి పట్టుకుని వదిలారట. ఈ సంగతులు నాకు సామాన్ల గది గుమస్తా చెప్పాడు. నాతో కాదు, తన టిఫిన్ డబ్బాతో చెప్పుకుంటున్నాడు.

ఆ గుమస్తాకు ఇప్పుడొక చిక్కొచ్చింది. ముగిసిన కేసులో ఆయుధాన్ని నేరం చేసినవాళ్ళ ఇంటికి తిరిగి ఇవ్వకూడదు. అది పనిముట్టయితే, దరఖాస్తు పెట్టుకున్న బీదవాళ్ళకు ఇవ్వొచ్చు. సాధారణంగా ఎవరూ అడగరు. నా కోసం పది దరఖాస్తులు వచ్చాయి. పదీ ఆడవాళ్ళవే, పదీ సాన్ లెర్మో నుంచే. ‘ఎందుకు కావాలి’ అనే చోట పదిమందీ ‘కుట్టుపనికి’ అని రాశారు. ముందు ఎవరికివ్వాలో తేలక గుమస్తా ఆ కాయితాలు తిప్పి తిప్పి చూస్తున్నాడు.

తొందరేమీ లేదు. ఎవరికిచ్చినా నాకు సమ్మతమే.