ఎవుఫేమియా నోరు విప్పిన రోజు

మదేరా ద్రాక్షతోటల్లో పనికి చేరి నాలుగేళ్లయినా, మేస్త్రీ రోహెలియోతో ఎవుఫేమియా రెండు ముక్కలకు మించి మాట్లాడింది లేదు: "ఊఁ", "సరే". ఆమెకు వచ్చింది తన ఊరి కొండల్లో మాట్లాడే మిష్టెకు భాష ఒక్కటే. స్పానిష్ వింటే కొంత అర్థమయ్యేది కానీ నోట పలికేది కాదు. మేస్త్రీ ఆమెను మూగమ్మ అనేవాడు.

సొంతూళ్లో అయితే ఆమె నోటికి జడిసి కోడిపుంజులు కూడా పక్కకు తప్పుకునేవని మొగుడు తౌరీనో ఎకసెక్కాలాడేవాడు. ఆ ఊళ్లో ఉండిపోవాలనే ఇద్దరూ అనుకున్నారు. కానీ సరిహద్దుకు ఉత్తరాన ఉన్న దేశం నుంచి చవక మొక్కజొన్న లారీలకు లారీలు దిగాక వాళ్ల పంటను అడిగే నాథుడు లేడు. పైమట్టి వానలకు కొట్టుకుపోయి తెల్లరాయి తేలింది. ఏడాదికి రావలసిన గింజలు ఆరు నెలలకే అయిపోతుంటే, కడుపు చేత పట్టుకుని వాళ్లు కూడా ఉత్తరానికే వచ్చారు.

ఇక్కడ మూడు కుటుంబాలకు కలిపి ఒకటే కార్లషెడ్డు. మధ్యలో దుప్పట్లే గోడలు. పొయ్యి ఒక్కటే కాబట్టి వంటకు వంతులు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, పక్క సాల్లో ద్రాక్ష కోస్తున్న అన్సెల్మో తాత ఉన్నట్టుండి తీగల కింద కూలబడ్డాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు, కళ్లు తేలేశాడు. ఎవుఫేమియా నీళ్ల డబ్బా దగ్గరికి పరుగెత్తింది. పొద్దుటే అయిపోయిన డబ్బా, ఎవరూ నింపలేదు.

"లే తాతా, నాటకాలు చాలు," అన్నాడు మేస్త్రీ.

ఆమెకు ఒళ్లు మండింది. చేతిలోని కత్తి కింద పడేసి, తోట దద్దరిల్లేలా తన భాషలోనే అరిచింది. సాళ్లలో ఉన్నవాళ్లంతా దాదాపు ఆ కొండలవాళ్లే. ఒక్కొక్కరే కత్తులు దించి నేల మీద కూర్చున్నారు.

"ఏమంటోంది?" అని మేస్త్రీ తౌరీనోను అడిగాడు.

"మర్యాదగా చెప్పమంటావా, ఉన్నదున్నట్టు చెప్పమంటావా?"

"చెప్పవయ్యా!"

"నీళ్లు, నీడ వచ్చేదాకా కాయ కొయ్యరట. తాతను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలట. మిగతావి నీకు చెప్పలేను, మీ అమ్మగారి ప్రస్తావన ఉంది."

"రేపు వేరేవాళ్లను తెచ్చుకుంటా!"

దానికి ఎవుఫేమియా వచ్చీరాని స్పానిష్‌లో తనే జవాబిచ్చింది. "తెచ్చుకో. చుట్టూ తోటల్లో ఉన్నది మా మేనత్త కొడుకులే."

ఎవరో ఫక్కున నవ్వారు. మేస్త్రీ వంగి తాత నుదురు తాకాడు, కాలిపోతోంది. తర్వాత టోపీ తీసి తాత మొహానికి గాలి విసురుతూ, యజమానికి ఫోన్ చేశాడు. మేస్త్రీ కూడా ఒకప్పుడు ఇలాగే కాయ కోసినవాడే. అరగంటలో మంచుగడ్డలు, నీళ్లు, టార్పాలిన్ వచ్చాయి. ఈలోపే తాతను మేస్త్రీ బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఎవుఫేమియా, తౌరీనో వెంట వెళ్లారు.

ఇంకొక గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది. తాతకు ఏమైందో అతని భాషలో అడగగలిగేవాళ్లు ఆసుపత్రిలో ఒక్కరూ లేరు. ఎవుఫేమియా అడిగింది, ఆమె మాటను తౌరీనో స్పానిష్‌లో చెప్పాడు. "శనివారాలు వచ్చి, మీ భాషవాళ్లతో మాట్లాడటానికి మాకు సాయం చేస్తావా?" అని డాక్టరమ్మ అడిగితే, ఎవుఫేమియా ఈసారి ఊఁ అనకుండా "వస్తాను" అంది.

ఆ తోటలో ఇప్పుడు ప్రతి నాలుగు సాళ్లకూ చక్రాల మీద నీడపందిరి తిరుగుతోంది. షెడ్డుకు రెండో పొయ్యి, ఒక కిటికీ కూడా పెట్టించుకున్నారు. ఇళ్ల కోసం అర్జీ పెట్టారు, ఇంకా తేలలేదు. అయినా ఆడవాళ్లు తమ పని కష్టాలు మాట్లాడుకోవడానికి ఆదివారాలు చర్చి వెనకగదిలో కలుస్తున్నారు.

మొన్న టమాటా తోటలో పనిచేసే ఒకామె ఆ గది గుమ్మంలో నిలబడి, "అక్కా, మా దగ్గర మరుగుదొడ్డికి మైలు నడవాలి. ఏం చెయ్యమంటావు?" అంది.

"ముందు లోపలికి రా. మీరు ఎంతమంది?" అంటూ ఎవుఫేమియా కుర్చీ లాగింది.